గోడ దిద్దించిన ఓనమాలు

వాళ్లు అతన్ని పట్టుకున్నది
అతనికి చదవడం రాని కాగితంతో.
బూటులో, మడమ కింద, నాలుగు మడతల చీటీ.
"ఏం రాసుంది ఇందులో?" అన్నాడు జెండార్మ్.
"నాకేం తెలుసు దొరా, చదువు రానోణ్ని"
అన్నాడు నా మొగుడు వలెంతి.
ఆ రోజు అతను చెప్పిన వాటిలో
అదొక్కటే నిజం.
అదొక్కటే వాళ్లు నమ్మలేదు.

జిరార్దుఫ్ నార మిల్లులో
అతను మగ్గం దగ్గర, నేను కండెల దగ్గర.
వేలు నలిగిందని చెబితే జరిమానా,
చెప్పకపోతే వేలే పోతుంది.
మేస్త్రీ జర్మన్‌లో తిట్టేవాడు,
పోలీసు రష్యన్‌లో.
పాదిరీ దీవెన లాటిన్‌లో.
మా మాటల్లో మాతో మాట్లాడింది
ఆ చీటీల కుర్రాళ్లే.
వార్సా నుంచి మూడో తరగతి రైలుపెట్టెలో
జున్నుగడ్డకు పార్టీని చుట్టి తెచ్చేవాళ్లు.

పద్దెనిమిది నెలలు కోటలో, పదో పెవిలియన్.
నెలకోసారి విస్తులా గట్టుదాకా నడిచి
ఏ కిటికీ అతనిదో తెలియక
కనబడ్డ కిటికీలన్నిటికీ చెయ్యూపి వచ్చేదాన్ని.

మొదటి వారమే గోడ పలికిందట.
టక్. ఆగి, టక్.
ఎలక అనుకున్నాడు.
ఎలకకు అంత ఓపిక ఉండదని
మూడో రాత్రికి తట్టింది.
చిన్నప్పుడు బడి కిటికీ కింద బాతులు కాస్తూ
అక్షరాల వరస నోటికి పట్టినవాడే,
వాటి ముఖాలే ఎన్నడూ చూడలేదు.
ఐదేసి చొప్పున వరసలు కట్టి
వేళ్ల మీద లెక్కేసుకున్నాడు.
ఒకటి, ఒకటి: ఆ.
ఒకటి, రెండు: బె.
గోడకటు ఎవరో పంతులు.
ముఖం లేదు, బెత్తం లేదు,
వేలి కణుపొకటి ఉంది.
తప్పు కొడితే గరగరా గోకేవాడట,
పలక తుడిచేసినట్టు.

ఖ్లెబ్. రొట్టె. అదే మొదటి మాట.
తర్వాత ఉప్పు.
తర్వాత నా పేరు, పెట్రొనెలా, తొమ్మిది అక్షరాలు.
కొట్టి కొట్టి కణుపు చిట్లిందన్నాడు.
"పొట్టి పేరుదాన్ని చేసుకోవాల్సింది" అన్నాను.
నవ్వలేదు.

పంతులు పేరు క్సావెరి.
వయసడిగితే ఇరవై ఒక్క దెబ్బలు.
నేరమేమిటని అతను అడగలేదు, ఆయన చెప్పలేదు.
చివరి రాత్రి
"ఇవాళ సూపు పలచన" అని కొట్టాడు నా మొగుడు.
సూపులో అక్షరం తప్పింది.
అటునుంచి గరగర.
తర్వాత తీరిగ్గా, సరైన సూపు.
తెల్లవారుజామున ప్రాకారం వైపు డోళ్లు మోగాయి.
ఆ తర్వాత గోడ గోడే.

ఇంటికొచ్చి, గంజి తాగకముందే అడిగాడు:
"ఆ చీటీ ఇంకోటి ఉందా?"
ఉంది. అందరూ కాల్చెయ్యమన్నారు.
ఈకల దిండులో దాచి
దాని మీదే తలపెట్టి పడుకున్నాను.
కొవ్వొత్తి దగ్గర తిప్పి చూశాడు, తిరగేసి చూశాడు.
చీమల బారు.
ఒక్క ముఖమూ గుర్తు పట్టలేదు,
అక్షరాలను చప్పుడుగానే ఎరిగినవాడు.

ప్రార్థన పుస్తకం పుణ్యాన
కూడబలుక్కోవడం వచ్చినదాన్ని నేను.
దెబ్బల లెక్క నాకు నేర్పడానికి వారం పట్టింది.
పక్క వాటాలో మిల్లు కాపలావాడు,
అందుకని బల్ల మీద శాలువా మడిచి పరిచాం.
నేను చూస్తూ కొడుతున్నాను,
అతను కళ్లు మూసుకుని వింటున్నాడు.
పెదాలు కదులుతున్నాయి.

నార నేసే చేతులకు చొక్కా లేదు.
అదొక వాక్యం.
తర్వాత జరిమానాల లెక్క.
తర్వాత, కలిసి నిలబడండి.
కింద ముద్ర.

కొవ్వొత్తి వేలెడు కరిగింది.
"ఇంతేనా?"
"ఇంతే."
"ఇది నాకు తెలిసిందేగా."

చాలాసేపు ఏమీ అనలేదు.
బయట రాత్రి పాళీ కూత వేసింది మిల్లు.
అప్పుడు గోరుతో బల్లను గరగరా గోకాడు.
మూడో మాటలో అక్షరం తప్పిందట.
తప్పు నా వేలిదో,
చీకట్లో అచ్చు పేర్చిన పిల్లలదో.
చిట్లి మానిన కణుపుతో
ఆ మాట మళ్లీ మొదటినుంచి
తీరిగ్గా కొట్టి చూపించాడు.